ఓగుస్తు మనవడు

మన దొరగరువు దాటేక, సరుగుడు తోట వెనకాల గట్టు విరిగిన నుయ్యి ఒకటుంది చూడండి, ఓగుస్తు నుయ్యి, అటేపు గేదెల్ని కూడా ఎవరూ తోలరు. నీళ్ళు లేకనా? ఉన్నాయి, ఆకుపచ్చగా చీమిడిలా సాగుతా ఉంటాయి. దగ్గరికి జరగండి చెబుతాను. ఎవరైనా నోట్లో ఏదైనా వేసుకుని ఉంటే మాత్రం అది కానిచ్చేసి రండి, ఇది తింటా వినే కథ కాదు.

ఓగుస్తు అంటే తెల్లదొర అనుకునేరు, కాదు, మన మనిషే. యానాంలో ఫ్రెంచోళ్ళ కాలంలో కొంతమంది మా కట్టుబాట్లు మాకొద్దు, మాకు ఫ్రెంచి చట్టమే కావాలి అని సంతకం పెట్టి పేరు కూడా మార్చేసుకునేవారు. అది తప్పని నేననను, ఎవరి అవసరం వాళ్ళది. వీడి సంగతి మాత్రం వేరు. కన్నతల్లి చేపల తట్ట నెత్తిన పెట్టుకుని కొడుకుని చూద్దామని గుమ్మం దాకా వస్తే, లోపల కూర్చున్న దొరలకి ఆవిడెవరో చేపలమ్ముకునే మనిషని చెప్పి, బంట్రోతు చేత గెంటించేడు. తల్లినండీ! ఆ తర్వాత పెళ్ళీ పిల్లలూ లేకుండానే తాగి ఆ నూతిలో పడ్డాడు, మూడో రోజుకి కంపు కొడితే గానీ ఊరికి తెలియలేదు. చర్చివాళ్ళు మావాడు కాదన్నారు, కులపోళ్ళు మావాడు కాదన్నారు, ఇంకేముంది, పైకి కూడా తియ్యకుండా ఇంత సున్నం పోసి వచ్చేసేరు. పిండం పెట్టే దిక్కు లేక అందులోనే ఉండిపోయేడు.

యాభై ఏళ్ళు పోయేక సంగాడి లోవరాజుకి ఓ బుద్ధి పుట్టింది. ఐసు ఫ్యాక్టరీ లోవరాజే. అప్పట్లో సంతకం పెట్టినోళ్ళ వారసులకి ఫ్రెంచి పౌరులని కార్డిస్తారు కదా, ఆ కార్డున్నోళ్ళని ఫ్రెంచోళ్ళ జెండా పండక్కి ముందు వరసలో కూర్చోబెడతన్నారు, నాకేం తక్కువ అనుకున్నాడు. అనుకుని, మా వంశంలో ఎవరైనా సంతకం పెట్టేరేమో అని పాత రిజిస్టర్లన్నీ తిరగేయించేడు. ఏముంటాయి? సంగాడోళ్ళంతా పడవోళ్ళే. తాత గంటయ్య గోదారి మీద పడవ నడిపినవాడు, ఒక్కర్నీ ముంచలేదు, ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. అలా తిరగేస్తా ఉంటే ఓగుస్తు పేరు కనబడింది. వారసులు లేరు, అడిగేవాడు లేడు. ఈ వెధవ ఏం చేసేడంటే, వాణ్ణి తాతని చేసేసుకున్నాడు.

మరి సాక్ష్యం కావాలి కదా? గంటయ్య పెళ్ళాం సూరమ్మ బతికే ఉంది, తొంభై ఏళ్ళ మనిషి. తల్లీ తండ్రీ పోతే లోవరాజుని పెంచింది ఆవిడే. పింఛను కాగితమని చెప్పి ఆవిణ్ణి ఆఫీసుకి తీసుకెళ్ళేడు. గుమస్తా మీ ఆయన పేరేంటమ్మా అనడిగేడు. ఆ కాలం ఆడది మొగుడి పేరు పలుకుతుందా? అలవాటు ప్రకారం తలొంచుకుని మనవడి వంక చూసింది, నువ్వు చెప్పరా అని. వాడు చెప్పేడు, ఓగుస్తు అని.

సూరమ్మకి ఒళ్ళంతా కంపరం పుట్టుకొచ్చింది. కాదు అందామంటే, మరెవరమ్మా అంటారు, అప్పుడు ఆయన పేరు నోట్లోంచి రావాలి. డెబ్బై ఏళ్ళు మాయన, మీ నాన్న, మీ తాత అంటా గడిపిన నోరది. పెదాలు కదిపింది గానీ మాట పెగల్లేదు. ఈలోగా వాడు బొటనవేలికి సిరా రాసేసి ముద్ర వేయించేసేడు. ఇంటికొచ్చేక ఆవిడ ఇటుక ముక్కతో ఆ వేలు తోముకుంటానే ఉందంట, తోలు లేచిపోయేదాకా.

కార్డొచ్చింది. ఆ నెలలోనే గంటయ్య తద్దినం. సూరమ్మే ఆయనకిష్టమని పులస పులుసు వండించింది. మిట్టమధ్యాహ్నం పెరట్లో గోడ మీద పిండం పెట్టేరు. కాకులు నిండా వాలేయి గానీ ఒక్కటీ ముట్టలేదు. లోవరాజు చేతులు జోడించేడు, మొక్కేడు, లేదు. అంతలో కుళ్ళిన కప్పల వాసన మొదలైంది. పెరటి గుమ్మంలోంచి తడి అడుగులు ఒక్కోటీ పడతా వచ్చేయి, మనిషి లేడు. విస్తరి ముందు పీట కిర్రుమంది. అన్నం దానంతటదే తగ్గిపోతా, ఆకు మీద పాచి మిగిలింది. మనవడా, ఇంకాస్త వెయ్యరా అంది గొంతు. ఆ తర్వాత, నా పెళ్ళాం వడ్డించదేం అని అడిగింది.

ఇక అది రోజూ. అన్నం కలిపితే వేళ్ళ మధ్య జిగట, మంచినీళ్ళలో సున్నం. లోవరాజు పెళ్ళాం వాంతులు చేసుకుని చేసుకుని పుట్టింటికెళ్ళిపోయింది. భూతవైద్యుణ్ణి పిలిస్తే ఆయన గుమ్మంలోనే ముక్కు మూసుకుని, ఇది నేను వెళ్ళగొట్టేది కాదు, రాసిచ్చి పిలిచేవు కాబట్టి వచ్చేడు, నూతి దగ్గరికెళ్ళి ఆ కార్డు చింపి అందులో పారేసి, నీ సొంత తాత ఎవరో చెప్పు, పోతాడు అన్నాడు. అంతే పని. డబ్బూ అక్కర్లేదు, మేకపోతూ అక్కర్లేదు.

లోవరాజు పట్టపగలే బయల్దేరేడు. కర్ర పొడుచుకుంటా సూరమ్మ కూడా వెనకాలే వెళ్ళి సరుగుడు చెట్టు కింద కూర్చుంది. వాడు చింపుతాడనే అనుకుంది పిచ్చిది, పెంచిన చేతులు కదా. వాడు గట్టు మీద నిలబడి, కార్డు తీసి చూసుకున్నాడు, తుడిచేడు, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. పెట్టుకుని, గొంతెత్తి, నేను సంగాడి గంటయ్య మనవణ్ణి అన్నాడు. నూతిలోంచి నవ్వు వినబడింది. మరి జేబులో ఏముందిరా, మనవడా, అంది ఆ గొంతు.

వాడు ఇంటిదారి పట్టేడు. వాడు పక్కనించి పోతా ఉంటే సూరమ్మకి, ఆ కంపు నూతిది కాదు, వీడిదే అనిపించిందంట. ఆ సాయంత్రమే రేవు దాటి కూతురింటికి వెళ్ళిపోయింది.

అక్కడ కూతురి కొడుకు చేత మళ్ళీ పిండం పెట్టించింది. గోదారి ఒడ్డున పంతులుగారు తాతగారి పేరు చెప్పు నాయనా అంటే, వాడు చెప్పబోతా ఉండగా సూరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. లేచి నిలబడింది. రేవులో అందరికీ వినబడేలా, సంగాడి గంటయ్య, నేను ఆయన పెళ్ళాన్ని, అంది. పెళ్ళయ్యేక ఆయన పేరు పలకడం అదే మొదలు, అదే ఆఖరు. చీర చెంగు నోటికడ్డం పెట్టుకుని చిన్నపిల్లలా ఏడిచిందంట. పిండం పెట్టిన చెయ్యి ఇంకా వెనక్కి తీసుకోనేలేదు, కాకి వచ్చి ఎత్తుకుపోయింది.

లోవరాజంటారా, ఉన్నాడు. ఇంట్లో వడ్డించే ఆడది లేదని ఓగుస్తు రావడం మానేసేడు, నూతి దగ్గరికే తెమ్మన్నాడు. వాడు రోజూ మధ్యాహ్నం విస్తరి పట్టుకెళ్ళి గట్టు మీద కూర్చుని తినిపిస్తాడు. కాబట్టి అటు పోకండి. దెయ్యం మిమ్మల్నేమీ చెయ్యదు, దాని కడుపు నిండుతానే ఉంది. వీడు కనబడితే మాత్రం, పిలిచి కూర్చోబెట్టి, దెయ్యానికి తినిపించిన ఆ చేత్తోనే కార్డు తీసి చూపిస్తాడు.