అక్క నంబరు

ఉద్యోగం మానేసిన ఆమె మేనేజరు బల్ల ముందు నిలబడింది.

"నా నంబరు నాకివ్వండి."

"అది కంపెనీ పేరు మీదుందమ్మా. ఆ సిమ్ ఇప్పుడు నా ఫోన్లో వాడుతున్నాను."

"బిల్లు కడతామని మీరే మార్పించుకున్నారు. ఇక్కడ చేరకముందు నుంచీ అది నాది."

"కొత్తది తీసుకోవచ్చుగా! ఇంత రాద్ధాంతమెందుకు?"

"మా తమ్ముడిది పసిబుద్ధి సార్. తప్పిపోతే చెప్పడానికి వాడికొచ్చింది ఆ నంబరొక్కటే. పాటలా పాడించి నేర్పాను."

"నిన్న 'అక్కా, అక్కా' అని ఏడ్చింది అతనేనా? ఎవడోలే అని పెట్టేశాను."

ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"పొద్దుగూకేదాకా బస్టాండులో కూర్చున్నాడు. వెతుక్కుంటూ వెళ్తే, 'నువ్వు నన్నొద్దన్నావుగా' అని నా చెయ్యి విదిలించుకున్నాడు!"

మేనేజరు ముఖం పాలిపోయింది. ఫోన్లోంచి సిమ్ తీయబోయాడు.

"పేరు మార్పుకు ఇప్పుడే సంతకం పెడతానమ్మా."

"పెడుదురుగాని. ముందు అదే ఫోన్లోంచి మా ఇంటికి చేయండి. పెట్టేసింది అక్క కాదు, నేనేనని వాడితో చెప్పండి."