రాత్రి బెల్టు

హలో… ఆ, నేనే. మీ అక్కనే. చెప్పరా.

…ఏంటా గుసగుసలు? కోచ్ పక్కనున్నాడా?… సరే, ముందు నా మాట విను. ఛాతీకి కట్టుకోమని నేనిచ్చిన బెల్టుల్లో, రాత్రిళ్ళు మీ టీం గుండెలెలా కొట్టుకుంటున్నాయో నిన్న కూర్చుని చూశాను. అందరిలోకీ నీదే బంగారం! ఇంత పరిగెత్తించినా పసిపిల్లాడిలా నిద్రపోతున్నావ్. నా రీసెర్చికి హీరోవి నువ్వేరా…

…నిద్ర పట్టట్లేదా? వేళాకోళమా? మరి బెల్టులో…

…ఎవరు పెట్టుకున్నారు?

ఆ మొద్దు నిద్రోడా! నీ రూమ్మేటా! పిడుగు పడ్డా లేవడు కదరా వాడు… పరుగూ లేదు, పాడూ లేదు, వాడి గుండె నాకెందుకు? ఎందుకిచ్చావ్ వాడికి?

…నేనా? గుండె లెక్క తేడాగా ఉంటే కోచ్‌కి చెప్పి టీంలోంచి తీయించేస్తానన్నానా?… అన్నాన్లే. ఆటపట్టించడానికి అన్నాన్రా, పిచ్చి సన్నాసీ.

…ఏడవకు. నెమ్మదిగా చెప్పు… తొడలు వాచాయా. ఊఁ. మెట్లు దిగలేకపోతున్నావా. ఇంకా?… పొద్దున బాత్రూంలో?… సిగ్గేంట్రా నా దగ్గర. ఏ రంగు?

…మళ్ళీ చెప్పు.

…నల్ల టీ రంగా.

ఒరేయ్, అది వేడి చేయడం కాదు. నీళ్ళు తాగితే పోయేదీ కాదు. కండలు చితికిపోయి రక్తంలో కలుస్తున్నాయి, కిడ్నీలు పోతాయిరా! ఎక్కడున్నావో అక్కడే కూర్చో. ఆస్పత్రికి—

ఆ విజిలేంటి?… వెళ్ళకు! ఒక్క రౌండూ వద్దు, సగం రౌండూ వద్దు! కోచ్‌కి ఫోనివ్వు… తిడితే నన్ను తిట్టనీ, ఇవ్వరా!

…సార్, నమస్తే. అవునండీ, వాడి అక్కని. ఆ బెల్టుల రీసెర్చి నాదే. సార్, వాడిని ఇవాళ పరిగెత్తించకండి… సాకు కాదండీ, దండం పెడతాను… ఆ గుండె లెక్కలు వాడివి కావు సార్, రూమ్మేటువి. రాత్రిళ్ళు బెల్టు వాడికి కట్టాడు…

…నేనా? నేనేం పంపాను మీకు?

…అవును. నేనే రాశాను. పరుగు ఇంకా పెంచినా తట్టుకుంటాడని… నేనే.

…రెట్టింపు చేశారా? నా మాట మీద?

…సార్, వాడు మీ పక్కనే ఉన్నాడు కదా?… ట్రాక్ మీదికా? ఎప్పుడెళ్ళాడు? ఇప్పుడేగా నాతో మాట్లాడాడు!… ఆపండి సార్! పిలవండి! విజిలెయ్యండి!

…ఎందుకందరూ అరుస్తున్నారు?

సార్… ఎవరు పడ్డారు సార్?

…లేచాడా? లేచాడా సార్? ఒక్క మాట చెప్పండి…

హలో?… హలో?