గుడ్డిపాము తొట్టెలో పాము

"డైరెక్టరు గారూ, కొంప మునిగింది! గుడ్డిపాము తొట్టెలో పాము కనబడింది!"

"మెల్లగా! గుడ్డిపాము తొట్టెలో పాము కాక మొసలి కనబడుతుందా?"

"అది కాదు సార్. పాము. నిజం పాము. కదులుతోంది."

"కదులుతోందా?"

"కదులుతోంది సార్."

"వానపామేమో. సరిగ్గా చూశావా?"

"వానపాము నాలుక ఆడిస్తుందా సార్? ఇది ఆడించాకే తల ఎటో, తోక ఎటో తెలిసింది. సన్నగా, నల్లగా, అచ్చం బూటు లేసులా..."

"లేసు మాటెత్తకు!"

"ఏమైంది సార్?"

"ఏం లేదు. అందులో పాముండడానికి వీల్లేదు, అంతే."

"అదేంటి సార్! ప్రపంచంలో ఒకే ఒక్కటని, కనిపెట్టింది మీరేనని బోర్డు మీద రాసుంది. జూకి వచ్చిన జనం క్యూలో నిలబడి మట్టి చూసి వెళ్తున్నారు."

"మట్టే చూడాలి. బయటికి రాకపోవడమే దాని గొప్పతనం... దాన్ని పరీక్షిస్తానన్న ఆ పాముల డాక్టరమ్మ ఎక్కడిదాకా వచ్చింది?"

"గేటు దగ్గర టీ తాగుతున్నారు. తాగేసి తొట్టె తవ్వుతారట."

"అయిపోయింది. ఆవిడ వచ్చేలోగా అద్దం పగలగొట్టి, పాము పారిపోయిందని చెబుదామనుకున్నాను."

"ఉన్న పాము పారిపోయిందని ఎందుకు సార్?"

"మరి కొంప మునిగిందన్నావే? ఉన్న పాము కనబడితే నీకేం భయం?"

"నాకా? నాకేం లేదు సార్."

"పాముల గది తాళం నీ దగ్గరే ఉంటుంది. ఎవరు పెట్టారు దాన్ని? చెప్పు!"

"నా ఉద్యోగం తీసేయనంటే చెబుతాను."

"తీసేయను. చెప్పు."

"మీరు మీ చేత్తో పాముని మట్టిలో దాచి వెళ్లారు కదా, ఆ మర్నాడే తొట్టె కడుగుదామని వంచాను సార్. మట్టితో పాటు అదీ కాలవలోకి పోయింది. గబగబా పూలకుండీల మట్టి నింపేశాను."

"కుండీల మట్టా? అయితే ఈ పాము అందులోనే వచ్చింది! మరి రోజూ దానికి మేతగా చీమగుడ్లు వేస్తున్నావే?"

"మీరు చూస్తుంటారని సార్. ప్రపంచంలో ఉన్న ఒక్కదాన్నీ చంపేశాను. అప్పట్నుంచి ముద్ద దిగడం లేదు. డాక్టరమ్మ కాళ్ల మీద పడి అంతా చెప్పేస్తాను."

"ఆగు, ఆగవయ్యా! ఎక్కడికి? నువ్వేం చంపలేదు."

"చంపాను సార్! ఈ చేతులతోనే పారబోశాను."

"తలుపు మూసి ఇలా రా. నువ్వు పారబోసింది పాము కాదు. నా ఎడమ బూటు లేసు."