వక్కతోట నరికిన పళ్ళ డాక్టరు

ఎవరే నీతో ఆ మాటన్నది? జుట్టు కత్తిరించే షాపులోనా? అనుకున్నాను. రువాన్ వాళ్ళ పెద్దింటి కోడలు తలకి రంగేయించుకోడానికి అక్కడికే పోతుంది, ఆ కుర్చీలో కూర్చుందంటే దాని నోటికి అడ్డూ అదుపూ ఉండదు. 'పళ్ళ డాక్టరా, కన్నతండ్రి పెంచిన తోట నరికేసిన మనిషి, ఇంటికీ పనికిరాలేదు, ఊరికీ పనికిరాలేదు' అందా? అంటుంది. నువ్వు మా మనవణ్ణి చేసుకుని కొత్తగా కాపురానికొచ్చిన పిల్లవి, నీకేం తెలుసని. కూర్చో యి-జెన్. సోయా గింజలు నానుతున్నాయిలే, ఇప్పుడే రుబ్బక్కర్లేదు. ఊరికీ పనికిరాలేదట. ఈ ఊళ్ళో అరవై దాటినవాళ్ళు మొక్కజొన్న కంకి కొరుక్కు తింటున్నారంటే అది ఎవరి పుణ్యమో అడుగు దాన్ని.

మన కొట్టుకెదురుగా ఇప్పుడు ఫోన్లమ్ముతున్నారు చూడు, అదే ఆయన క్లినిక్కు. రువాన్ యో-షెంగ్ పేరు. వాళ్ళ నాన్నకి కొండవాలున వక్కతోట ఉండేది. ఆ రోజుల్లో వక్కంటే పచ్చబంగారమే. లారీవాళ్ళు, చేపల పడవలవాళ్ళు, సిమెంటు పనివాళ్ళు, అందరి బుగ్గలోనూ అదే. పచ్చికాయ చీల్చి, సున్నం పెట్టి, ఆకు చుట్టి నోట్లో పడేసుకుంటే నిద్ర రాదు, చలెయ్యదు. ఆ తోటమీదే చిన్నకొడుకుని కావ్‌షుంగ్ పట్నం పంపి పళ్ళ డాక్టరు చదివించాడు ముసలాయన. తోటివాళ్ళందరూ అక్కడే అద్దాల గదులు పెట్టుకుని కూర్చున్నారు. ఈయన మాత్రం తండ్రికి పక్షవాతమొచ్చిందని తిరిగొచ్చేశాడు. పెద్దవాడు, యో-ఫూ, ఆ రంగేయించుకునేదాని మామగారు, తోటని చూసుకున్నాడు. చిన్నవాడు తండ్రిని చూసుకున్నాడు. వీపుమీద మోసుకెళ్ళి స్నానం చేయించేవాడు, మధ్యాహ్నం క్లినిక్కు మూసి మరీ వెళ్ళి గంజన్నం తినిపించొచ్చేవాడు. ఇద్దరిలో ఎవరిది బరువో నువ్వే చెప్పు. ఆదివారమొస్తే మోటారుసైకిలు వెనక మడత కుర్చీ కట్టుకుని కొండమీది పల్లెలకి పోయేవాడు, అక్కడి ముసలివాళ్ళు దిగి రాలేరని. మా అత్తగారికి కూడా ఆయనే పళ్ళు కట్టాడు. అవి పెట్టుకున్న రోజే ఆవిడ నన్ను తనివితీరా తిట్టింది, అంతకు ముందు తిట్లు సరిగ్గా పలికేవి కావు పాపం. నేను రోడ్డు దాటి వెళ్ళి, 'డాక్టరుగారూ, ఇంత బాగా ఎందుకు కట్టారండీ' అంటే ఆయన నవ్వు ఆపుకోలేక చేతిలో పనిముట్టు కింద పెట్టేశాడు.

ఏం చెబుతున్నాను? ఆఁ, వక్క. రోజూ నోళ్ళలోకి చూసే మనిషి కదా, ఆయనకి కనబడిపోయింది. లోపల తెల్ల మచ్చలు, మానని పుళ్ళు, కొందరికి నోరు వేలు పట్టేంత కూడా తెరుచుకోదు. కాన్సరని మొహం మీదే చెప్పేవాడు. ఆ మాట అప్పుడిక్కడ ఎవరూ పైకి అనేవారు కారు. మాజు అమ్మవారి ఉత్సవమప్పుడు గుడి వాకిట్లో కుర్చీ వేసి, దీపం పెట్టి, ఊరికే చూస్తాను రండి అని పిలిచేవాడు. ఎవరొస్తారు? ఆయన ఎదురైతే మగాళ్ళు నోటికి చెయ్యడ్డం పెట్టుకుని అవతలి పక్కకి దాటిపోయేవాళ్ళు. సగం ఊరు వక్కమీద బతుకుతోంది, మిగతా సగం వక్క నములుతోంది. వాళ్ళకి ఈయన చెప్పేది చెవికెక్కుతుందా?

ఒకరోజు యో-ఫూ క్లినిక్కు గుమ్మంలోకొచ్చి అరిచాడు. నేను ఇక్కడ పిండి కడ్డీలు వేయిస్తున్నాను, నూనె చప్పుడులో కూడా వినబడింది. 'నీ చదువు ఆ చెట్లమీంచి రాలింది కాదురా? ఆ తెల్ల కోటు ఏ కాయలమ్మితే వచ్చిందిరా?' అని. ఈయన కుర్చీలో ఉన్నామె నోట్లోంచి దూది తీసి, చేతులు కడుక్కుని బయటికొచ్చాడు. 'నిజమే అన్నయ్యా. ఆ చెట్లే చదివించాయి. చదివితేనే తెలిసింది. తెలిసాక కూడా ఊరుకుంటే, ఎందుకు చదివించినట్టు?' అన్నాడు. అన్న గిర్రున తిరిగి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచీ కోపం ఇంకా పెరిగింది.

తండ్రి తోట నరికేశాడంటారే, తండ్రి ప్రాణంతో ఉన్నంతకాలం ఒక్క చెట్టు ముట్టుకోలేదు ఆయన. అది చెప్పిందా నీకు ఆ రంగుల తల? చెప్పదు. ముసలాయన పోయి, తోట పంచుకున్నాక, తన వాటాకొచ్చినవి నరికించి నిమ్మ వేశాడు. తన వాటావి. అంతే, అన్నదమ్ముల మధ్య మాటలు పోయాయి. ఊరు కూడా అన్నవైపే. పన్ను పోటొస్తే బస్సెక్కి పక్క ఊరు వెళ్ళేవాళ్ళు, ఈయన గుమ్మం తొక్కేవాళ్ళు కారు. అదన్నా పోనీ. రోజూ తెల్లారేసరికి ఆ క్లినిక్కు తలుపుమీద ఎర్రగా ఉమ్మి. ఎవరో వక్క నమిలి నమిలి సరిగ్గా ఆయన పేరున్న చోట ఊసిపోయేవాళ్ళు. ఆయన పెళ్ళాం షు-ఛిన్ బకెట్టూ బ్రష్షూ పట్టుకుని, పిల్లలు లేవకముందే కడిగేసేది. నేను చూస్తూనే ఉండేదాన్ని. ఒకరోజు కడుపు మండి 'పోలీసులకి చెప్పవే' అంటే, 'ఈయన వద్దన్నారక్కా' అంది. ఆ మనిషి ఎవరికేం ద్రోహం చేశాడు? నాకు ఇప్పటికీ తెలీదు. ఇప్పుడు చెబుతుంటే కూడా ఒళ్ళు మండుతోంది చూడు.

ఓ రోజు షు-ఛిన్‌కి జ్వరమొస్తే ఆయనే బకెట్టు పట్టుకొచ్చాడు. తలుపు కడగబోయి ఆగిపోయాడు. వంగి చూశాడు, దగ్గరగా చూశాడు, వేలితో తాకి కూడా చూశాడు. 'ఏంటి డాక్టరుగారూ' అన్నాను. 'ఇది వక్కరసం ఒక్కటే కాదమ్మా, ఇందులో నెత్తురుంది. గడ్డ కట్టింది' అన్నాడు. మర్నాడు ఇంకా వెలుతురు రాకముందే తలుపు వెనక నిలబడ్డాడు. వీధివాళ్ళందరం ఏమనుకున్నాం? ఇన్నాళ్ళకి పౌరుషమొచ్చింది, పట్టుకుని నాలుగు తగిలిస్తాడనుకున్నాం. నేను కూడా గరిటె పట్టుకుని సిద్ధంగానే ఉన్నాను. లారీ ఒకటొచ్చి ఆగింది. దిగినవాడు ఊసేలోపలే ఈయన తలుపు తీసి చెయ్యి పట్టుకున్నాడు. నేను పరిగెత్తుకెళ్ళి చూద్దును కదా, ఎవరు? మీ తాతయ్య.

అవునే, మీ తాతయ్యే, ఆ-థు. నవ్వకు. నా మొగుడే రోజూ నా కళ్ళముందు నుంచి లారీ తీసుకెళ్ళి, ఆ మలుపు తిప్పుకుని, నేను లోపల పప్పు రుబ్బుకుంటుండగా వెనక్కొచ్చి ఆ పని చేస్తున్నాడు. యో-ఫూ కాయలు మోసే లారీ కదా, యజమాని ముందు మంచివాడనిపించుకోవాలని. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. గరిటె ఎత్తాను కూడా. డాక్టరు నావైపు చూడనైనా చూడలేదు. 'నోరు తెరువు ఆ-థు' అన్నాడు. మీ తాతయ్య పెదాలు బిగించాడు. 'తిట్టుకోవాలంటే తర్వాత తిట్టుకుందాం. ముందు నోరు తెరువు' అన్నాడు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు, అదే గొంతు. తెరిచాడు. ఎడం బుగ్గ లోపల పుండు. డాక్టరు ఆ పూట క్లినిక్కు తియ్యలేదు, మోటారుసైకిలు మీద కూర్చోబెట్టుకుని నేరుగా కావ్‌షుంగ్ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. దారిలో ఒక్క మాట అనలేదట. మీ తాతయ్యే చెప్పాడు, 'తిట్టుంటే బావుండేదే' అని.

బుగ్గ కోశారు. హాల్లో ఫోటోలో మొహం ఒకవైపు లోపలికి పోయుంటుంది చూడు, అందుకే. బతికాడు, మీ ఆయన్ని భుజాన ఎత్తుకుని తిప్పేదాకా బతికాడు. యో-ఫూ దగ్గర పని మానేసి, లారీలాగే చోట పీట వేసుక్కూర్చుని, కనబడ్డ ప్రతి డ్రైవరుకీ ఆ బుగ్గ చూపించేవాడు. ముద్దముద్దగా, 'పద, ఎదురుగా డాక్టరున్నాడు, చూపించుకో' అనేవాడు. డాక్టరు మాట విననివాళ్ళు ఆ బుగ్గ మాట విన్నారు. పగలు రావడానికి సిగ్గుపడేవాళ్ళు మన కొట్టులో సోయా పాలు తాగే వంకతో కూర్చుని, సందు చూసుకుని రోడ్డు దాటేవాళ్ళు. ఎంతమంది నోళ్ళు అలా నిలబడ్డాయో.

ఆయన పోయింది కూడా పనిలోనే. కొండమీది పల్లెలో ఎవరికో పన్ను సర్దుతూ, కాస్త ఆయాసంగా ఉందని కూర్చున్నాడు, మళ్ళీ లేవలేదు. శవం వెనక ఊరంతా నడిచింది. అప్పుడు ఏం జరిగిందో చెప్పనా? రువాన్ వాళ్ళకి కుటుంబ సమాధి ఉంది కదా, తండ్రి అస్థికలు అక్కడే ఉన్నాయి. దహనమయ్యాక ఈయనవీ పక్కన పెడదామని షు-ఛిన్ వెళ్తే, యో-ఫూ అందరిముందూ, చావుకి కట్టే గోనె బట్టలో ఉన్న తమ్ముడి పిల్లల ముందు, 'నాన్న చెట్లు నరికినవాడు నాన్న పక్కన పడుకోడానికి వీల్లేదు, వాడు మా కుటుంబం కాదు' అన్నాడు. వీపుమీద మోసినవాడు కుటుంబం కాదట. ఒక్కరు అడ్డం పడలేదు. మీ తాతయ్య ఏదో అనబోయాడు, ఆ నోటితో మాట పెగలలేదు. ఊరి ఉమ్మడి అస్థికల మందిరంలో, ఎవరూ లేనివాళ్ళ పక్కన పెట్టొచ్చాం ఆయన్ని.

ఆ సాయంత్రం షు-ఛిన్ ఇక్కడే, నువ్వు కూర్చున్న పీటమీదే కూర్చుంది. ఏడవలేదు. 'ఒకటి తెలుసా అక్కా' అంది. యో-ఫూ పళ్ళన్నీ ఊడిపోతే పక్క ఊరి డాక్టరు దగ్గర కట్టించుకున్నాడు కదా. ఆ డాక్టరు ఈయనతో చదువుకున్నవాడే. వాడు కట్టినవి చిగుళ్ళు కోసేస్తుంటే, యో-ఫూ అన్నం తినలేకపోతున్నాడని తెలిసి, వాడి దగ్గర్నుంచి నోటి అచ్చు తెప్పించుకుని వారం రోజులు కూర్చుని ఈయనే పళ్ళు కట్టి పంపించాడట, నా పేరు చెప్పొద్దని. 'ఇవాళ బావగారు అన్న మాట, ఆ పళ్ళతోనే అన్నారక్కా' అంది. అని, ఎవరితోనూ అనొద్దంది. ఇన్నేళ్ళూ అనలేదు. ఆ ముసలాడు ఇంకా ఉన్నాడు, రోజూ గుడి మెట్లమీద కూర్చుని వాటితోనే వేరుశెనగ కాయలు నములుతుంటాడు, నేను చూస్తూ పోతుంటాను.

గింజలు నానాయేమో చూడు. ఆ నీళ్ళు పారబొయ్యి.