ఫోనులో కారు చప్పుడు

గోడకి ఆ చిల్లులా? రంగు వేసేముందు పూడ్చుకోవచ్చులే, తొందరేముంది, ముందిలా కూర్చో. చెదలు కాదే తల్లీ, గుండుసూదులు. మా అక్క, అదే మీ నానమ్మ, గుచ్చినవి. నువ్వు పుట్టకముందే పోయింది కదా, నీకు ఫొటోలో మూతి బిగించుకుని కూర్చున్న ఆవిడే తెలుసు. అసలు మనిషి అలా ఉండేది కాదు. నోరు తెరిస్తే ఇల్లంతా పొట్ట పట్టుకుని నవ్వాల్సిందే. ఈ కిటికీ పక్కనే ఆవిడ కుట్టుమిషను, గోడకి అవతల రేకుల షెడ్డులో మీ తాత కారు. ఆ కారు మా బావకంటే వయసులో పెద్దది. తుక్కు కింద అమ్మేస్తుంటే బతిమాలి తెచ్చుకున్నాడు. పగలంతా డిపోలో మెకానిక్కుగా బస్సుల కింద పడుకోవడం, ఇంటికొచ్చి మళ్ళీ దీని కింద దూరడం. మా అక్క దానికి సవతి అని పేరు పెట్టింది. "ఏమండోయ్, సవతికి స్నానం అయిందా? అయితే మీరూ చేసి రండి" అనేది. నలుగురూ విన్నా సరే, మా బావకి సిగ్గు లేదు, నవ్వేవాడు.

ఏం చెబుతున్నాను... ఆఁ, సూదులు. పాతకాలపు కార్లన్నీ వరసగా సముద్రం ఒడ్డు నుంచి బయల్దేరి, కొండలు దాటి, దేశం ఆ చివరికి వెళ్ళాలి. ర్యాలీ అన్నారు. ఎవరు ముందన్నది కాదు, దార్లో చెడిపోకుండా చేరడమే గొప్ప. "ఒక్కసారి దీన్ని కొండెక్కించాలి బావమరిదీ, అంతే, ఇంకేం అడగను" అని మా బావ నా చెవినిల్లు కట్టుకుని పోరేవాడు. మీ నాన్న కొత్తగా ఉద్యోగంలో చేరాడు, సెలవు పెట్టి మరీ పక్కన కూర్చున్నాడు. అక్కనీ రమ్మన్నారు. "సవతితో కలిసి ఊరేగమంటారా?" అంది. అసలు సంగతేమిటంటే ఆవిడకి బస్సెక్కితేనే కడుపులో తిప్పేది. అందుకని ఇంట్లోనే ఉండి, ర్యాలీవాళ్ళిచ్చిన మ్యాపు ఇదిగో ఈ గోడకి అతికించి, సాయంత్రం వాళ్ళు ఏ ఊళ్ళో ఆగితే అక్కడ సూది గుచ్చి, ముందు సూది నుంచి దీనికి ఎర్రదారం చుట్టేది. బట్టలు కుట్టించుకోడానికొచ్చినవాళ్ళు కొలతలివ్వడం మానేసి మ్యాపు ముందు నిలబడిపోయేవాళ్ళు. పోస్టుమాన్ అయితే ఉత్తరాలు లేకపోయినా వచ్చేవాడు. "ఎందాకా వెళ్ళారమ్మా మనవాళ్ళు?" అని. మనవాళ్ళట! ఆయనకేం సంబంధమే?

ఫోను సంగతి చెప్పాలి. మీ నాన్న దగ్గర ఇటుకంత సెల్‌ఫోను ఉండేది, ఇక్కడ హాల్లో మామూలు ఫోను. రోజూ సాయంత్రం మా బావ చేసేవాడు, అక్క ఎత్తగానే "అంతా బాగుంది" అనేవాడు. ఆ మాటంటే మా అక్కకి ఒళ్ళుమంట. ఎందుకంటే ఈ ఇంట్లో ఆవిడకి ఎవరూ ఏ చెడ్డ మాటా చెప్పేవాళ్ళు కాదు. ఎప్పుడో మా అమ్మ పోయిన కబురు విని కళ్ళు తిరిగి పడిపోయింది, ఇక అప్పట్నుంచీ అదో అలవాటైపోయింది అందరికీ. ఓసారి మా బావ చెయ్యి విరగ్గొట్టుకుని, కట్టుమీద పొడుగు చేతుల చొక్కా తొడుక్కొచ్చి, అంతా బాగుందన్నాడు. కాఫీ ఎడంచేత్తో అందుకుంటే దొరికిపోయాడు. అందుకే ఫోనులో, "మీ మాట నాకొద్దు, సవతినివ్వండి" అనేది. ఆయన ఫోను ఇంజను దగ్గర పెట్టించి స్టార్టు చేసేవాడు. ముందు మెల్లగా రెండుసార్లు యాక్సిలరేటర్ తొక్కి, కాస్త ఆగి, అప్పుడు బటన్ నొక్కేవాడు. అది చిన్నగా దగ్గి అందుకునేది. ఏళ్ళ తరబడి రోజూ గోడవతల నుంచి విన్న చప్పుడే కదా. అది విన్నాక గానీ ఆవిడ సూది గుచ్చేది కాదు.

కొండలు దాటుతున్న రోజుల్లో ఓ సాయంత్రం ఫోను మీ నాన్న చేశాడు. "నాన్న చేతినిండా గ్రీజమ్మా, స్టీరింగు దగ్గరున్నాడు, ఇదిగో విను" అన్నాడు. స్టార్టు చేశారు. కారు దగ్గకుండా ఒక్కసారిగా గయ్యిమంది. మా అక్క మొహం పాలిపోయింది. "మీ నాన్న ఎక్కడరా?" అంది. వాడు ఏదో అన్నాడు. మళ్ళీ అడిగింది. ఇక వాడు భోరుమన్నాడు, ఆ ఏడుపు పక్కన నిలబడ్డ నాకు వినబడింది. కొండ దిగుతుంటే గుండెపోటట. కింద ఊళ్ళో ఆస్పత్రిలో పెట్టారు. అమ్మకి చెప్పకు, అంతా బాగుందను, అని ఆయనే ఒట్టు వేయించుకున్నాడట. డాక్టర్లు పెదవి విరిచేశారు. రైలెక్కి వెళదామంటే ఎల్లుండికి గానీ చేరం.

కళ్ళు తిరుగుతాయేమోనని నేను భుజం పట్టుకున్నాను. విదిలించుకుంది. "కారెక్కడుంది?" "ఆస్పత్రి వాకిట్లో." "నాన్న మంచం?" "ఎదురు గదిలోనే." "కిటికీ తీయించి వచ్చి కూర్చో. నేను చెప్పినట్టు చెయ్యి. మెల్లగా తొక్కు. ఇంకోసారి. ఆగు. ఆగమన్నానా! ఊఁ, ఇప్పుడు నొక్కు." దగ్గిందే తల్లీ, అచ్చు మా బావ స్టార్టు చేసినట్టే దగ్గి అందుకుంది. మా అక్క రిసీవరు రెండు చేతుల్తో పట్టుకుని, "ఏమండీ, నేనేనండీ, నేనిక్కడే ఉన్నానండీ" అంటోంది. ఫోను మీ నాన్న ఒళ్ళో, కారులో ఉంది. ఆయన గదిలో ఉన్నాడు. ఆ మాట నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు.

తెల్లారేసరికి పోయాడు. మీ నాన్న ఇంటికొచ్చి, "విన్నాడమ్మా, కళ్ళు తెరిచి నవ్వాడు, అమ్మొచ్చిందా అన్నాడు" అని చెప్పాడు. నువ్వు కారులో ఉన్నావు కదరా, చూసిందెవరు అని అక్క అడిగితే, నర్సమ్మ చూసిందన్నాడు. అక్క తలూపింది. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ, మిషను తొక్కుతూ తొక్కుతూ ఆపేసి, "తమ్ముడూ, ఆ నర్సు నిజంగా చెప్పిందంటావా? వాడే నాకోసం కల్పించాడంటావా?" అనేది. నిజమేనక్కా అనేవాణ్ణి. నా మొహంలోకి చూసేది. నేనూ ఈ ఇంటి మనిషినే కదా, నా మాట మాత్రం ఎలా నమ్ముతుంది? ఒక్క నిజం తెలిస్తే చాలని ఏళ్ళ తరబడి ఏడ్చిందే, మేమెవరమూ ఇవ్వలేకపోయాం.

ఏంటి, మీ నాన్నని అడుగుతావా? వద్దమ్మా. అడిగితే చెప్తాడు, నీ మనసు కష్టపెట్టకుండా ఏది చెప్పాలో అదే చెప్తాడు... ఊఁ. ఆ ఫ్యాను కాస్త తగ్గించు.