ఆరు బల్లలకు ఒకే నంబరు

ఆఫీసులో ఆరు బల్లల ఫోన్లకూ ఒకే నంబరు కలుపుతున్నాడు మెకానిక్కు. ఇరవై ఏళ్ళుగా అక్కడ ఫోన్లెత్తే ఆవిడ పక్కనే నిలబడి చూస్తోంది.

"ఇక ఆరూ ఒకేసారి మోగుతాయక్కా. ఎవరైనా ఎత్తొచ్చు."

"అయితే నన్ను ఇంటికి పంపేస్తారన్నమాట. నా హయాంలో ఈ ఫోను మూడో రింగు ఎలా ఉంటుందో ఎవరూ వినలేదు తమ్ముడూ."

"ఉండండి, నా సెల్ నుంచి కొట్టి చూస్తా."

ఆరు ఫోన్లూ మోగాయి. పక్కవాడు ఎత్తుతాడులే అని మిగతా బల్లల దగ్గరున్న అయిదుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పన్నెండో రింగు తమ్ముడూ. నా చెయ్యి ఆగట్లేదు, ఎత్తనా?"

"ఎత్తండి. ముందు మీ బల్ల మీదే మోగేలా పెడుతున్నా. మీరు లేనప్పుడే వాళ్ళకి."

"ఎందుకలా పెట్టావని మేనేజరుగారు అడిగితే?"

"ఫోన్ చేసేగా అడుగుతారు. ఎత్తేది మీరేగా."