తెరచాపకు జేబు

1962, క్రిస్మస్‌కు వారం ముందు. వరంగల్‌లో ఒక ఇంటి అరుగు మీద, చర్చి గోడకు వేలాడదీయబోయే, కోడలు గుడ్డ మీద చేసిన పడవ బొమ్మను పరుచుకుని అత్తాకోడళ్లు కూర్చున్నారు.

“ఈ నీళ్లు దేంతోని చేసినవ్?”

“గాజుల దుకాణంల ఊడ్చి పడేసిన ముక్కలు, అత్తమ్మా. గలిలయ సముద్రం నేనేడ చూసిన? పొద్దుగాల భద్రకాళి చెరువు మెరుస్తది గద, అదే అతికిచ్చిన.”

“మరి వల?”

“జంపఖానాలు నేసేటోళ్లు వద్దని పడేసిన దారం.”

“పడవకు కట్టిన ఈ తెరచాప... ఇది మీ మామ అంగి.”

“అవును. అడిగితే ఇయ్యవని అడగకుండనే తీసిన. తప్పయింది. విప్పాల్నా?”

“ఆయన పోయిన రెండేండ్ల సంది పెట్టెల దాచిన. ఉతకను గూడ ఉతకలే.”

“నేను గూడ ఉతకలే, అత్తమ్మా.”

“మరి జేబుకు సూదెందుకు గుచ్చినవ్?”

“నోరు తెరుచుకొని కనబడ్తాంది. మూసి కుడదామని.”

“కుట్టకు. లోపలికి పోయి పిప్పరమెంట్ల డబ్బా పట్కరా. ఆయన ఏ ఆదివారం ఖాళీ జేబుతోని చర్చికి పోలే.”

“పిల్లలు చూస్తే చేతులు పెడ్తరు.”

“పెట్టనీ. ఆ జేబుల చెయ్యి పెట్టుడు వాళ్లకేం కొత్త?”